గ్వాటెమాలాలో బ్యాక్‌ప్యాక్ యాత్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

మాయా నాగరికత ఆనవాళ్లు మెక్సికోలోనూ ఉన్నాయి కదా, ప్రత్యేకించి గ్వాటెమాలాకే ఎందుకు వెళ్లాలి?

శిథిలాలు మాత్రమే చూడదలచుకుంటే మెక్సికో, బెలీజ్, హోండురాస్ కూడా సరిపోతాయి. గ్వాటెమాలాకు వెళ్లడానికి బలమైన కారణం అక్కడి మనుషులు. 2018 జనగణనలో దేశ జనాభాలో 41 శాతానికి పైగా తాము మాయా ప్రజలమని నమోదు చేసుకున్నారు. స్పానిష్ అధికార భాషే అయినా, 22 మాయా భాషలకు 2003లో చేసిన చట్టం ద్వారా జాతీయ భాషలుగా గుర్తింపు లభించింది. కిచే, కెక్చి, కక్చికెల్, మామ్ వాటిలో పెద్దవి. బస్సులో పక్క సీటులో కూర్చున్న అమ్మ తన మనవరాలితో కక్చికెల్‌లో మాట్లాడుతూ, టికెట్టు డబ్బులిచ్చేటప్పుడు స్పానిష్‌లోకి మారడం ఈ ఎత్తైన ప్రాంతాల్లో రోజూ కనబడే దృశ్యం. పైగా దేశం చిన్నది. వైశాల్యంలో ఆంధ్రప్రదేశ్‌కంటే, తెలంగాణకంటే కూడా తక్కువ. అయినా అగ్నిపర్వతాలు, చల్లటి కొండలు, ఉక్కపోసే అడవి, ఇరుకైన కరీబియన్ తీరం అన్నీ అందులోనే ఇమిడి ఉన్నాయి.

భారత పాస్‌పోర్టుతో వెళ్లేవారికి వీసా అవసరమా?

అవసరమనే అనుకుని ప్రయత్నం మొదలుపెట్టడం మంచిది. న్యూఢిల్లీలో గ్వాటెమాలా రాయబార కార్యాలయం ఉంది. అమెరికా, కెనడా, షెంజెన్ దేశాల చెల్లుబాటయ్యే వీసాలు చేతిలో ఉన్నవారికి వర్తించే నిబంధనలు వేరుగా ఉంటాయి, అవి మారుతూ కూడా ఉంటాయి. కనుక ఏ యూట్యూబ్ వీడియోనో నమ్మి టికెట్లు కొనకుండా, రాయబార కార్యాలయానికి ఈమెయిలు రాసి, వచ్చిన జవాబును ముద్రించి వెంట ఉంచుకోండి. విమానాశ్రయంలో బోర్డింగ్ పాస్ ఇచ్చే ఉద్యోగికి ఈ దేశపు నిబంధనలు కంఠతా ఉండవు. కాగితం చూపగలిగితే వాదన తప్పుతుంది.

దేశంలో ఎన్ని రోజులు ఉండవచ్చన్న లెక్కలో ఒక మెలిక ఉంది. గ్వాటెమాలా, హోండురాస్, ఎల్ సాల్వడార్, నికరాగ్వా దేశాల మధ్య సీఏ-4 అనే ఒప్పందం అమలులో ఉన్నందువల్ల, పర్యాటకులకు సాధారణంగా ఇచ్చే 90 రోజుల గడువు ఈ నాలుగింటికీ కలిపి వర్తిస్తుంది. గ్వాటెమాలాలో రెండు నెలలు గడిపి హోండురాస్‌లో అడుగుపెట్టినంత మాత్రాన లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలు కాదు.

భారతదేశం నుంచి ఏ దారిన వెళ్లాలి?

నేరుగా విమానం లేదు. అమెరికా మీదుగా వెళితే విమానం మారడానికి మాత్రమే దిగినా అమెరికా వీసా ఉండి తీరాలి, ఎందుకంటే అక్కడ ఇమిగ్రేషన్ దాటకుండా అంతర్జాతీయ విమానం మారే ఏర్పాటు లేదు. మాడ్రిడ్ నుంచి గ్వాటెమాలా నగరానికి నేరుగా విమానం ఉంది కానీ, భారతీయులకు స్పెయిన్ విమానాశ్రయ ట్రాన్సిట్ వీసా అడుగుతుంది. కొన్ని దేశాల వీసాలు ఉన్నవారికి మినహాయింపు ఉంటుంది. మెక్సికో నగరం, పనామా మీదుగా కూడా చేరవచ్చు. చవకైన టికెట్టు కనబడగానే కొనడంకంటే, మధ్యలో దిగే ప్రతి దేశపు ట్రాన్సిట్ నియమాన్ని ముందు చూసుకోవడం ఇక్కడ ఎక్కువ అవసరం.

అమెరికాలో హెచ్-1బి మీద పనిచేస్తున్నాను. నాలుగు రోజుల సెలవులో వెళ్లి రావచ్చా?

హ్యూస్టన్, డాలస్, అట్లాంటా, మయామి, లాస్ ఏంజిలిస్ వంటి నగరాల నుంచి నేరుగా విమానాలున్నందువల్ల అమెరికాలోని తెలుగువారు చాలామంది ఈ ప్రశ్నే అడుగుతారు. వెళ్లడం తేలికే, తిరిగి రావడం దగ్గరే జాగ్రత్త కావాలి. మీ పాస్‌పోర్టులోని హెచ్-1బి వీసా స్టాంపు గడువు ముగిసి ఉంటే, ఆమోదపత్రం, ఐ-94 (అమెరికా ప్రవేశ నమోదు) సక్రమంగా ఉన్నంత మాత్రాన గ్వాటెమాలా నుంచి తిరిగి ప్రవేశించలేరు. గడువు ముగిసిన స్టాంపుతో తిరిగి రానిచ్చే ఆటోమేటిక్ రీవాలిడేషన్ సౌకర్యం హెచ్ వీసాదారులకు కెనడా, మెక్సికోలకు 30 రోజులలోపు వెళ్లి వచ్చినప్పుడే వర్తిస్తుంది. గ్వాటెమాలా మెక్సికోకు ఆనుకునే ఉన్నప్పటికీ ఆ జాబితాలో లేదు. స్టాంపు చెల్లుబాటులో ఉంటే నిశ్చింతగా బయలుదేరండి. గ్రీన్‌కార్డు దరఖాస్తు చివరి దశలో ఉన్నవారు మాత్రం న్యాయవాదిని అడిగాకే టికెట్టు కొనాలి.

ఏ నెలల్లో వెళ్లడం మేలు?

నవంబరు నుంచి ఏప్రిల్ వరకు వానలుండవు, మే నుంచి అక్టోబరు వరకు కురుస్తాయి. అయితే వానకాలమంటే రోజంతా ముసురు పట్టి ఉంటుందని అర్థం కాదు; కొండ ప్రాంతాల్లో ఉదయం ఎండ కాసి, మధ్యాహ్నం దాటాక కురవడం మామూలు. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మాత్రం కొండచరియలు విరిగి రోడ్లు మూసుకుపోవచ్చు.

ఈ దేశంలో నెలకంటే ఎత్తు ముఖ్యం. ఆంటిగ్వా పట్టణం, అతిత్లాన్ సరస్సు సముద్రమట్టానికి సుమారు 1,500 మీటర్ల ఎత్తున ఉన్నందువల్ల పగలు హాయిగానూ, రాత్రి చలిగానూ ఉంటాయి. 2,300 మీటర్ల ఎత్తులోని కెత్సాల్తెనాంగోలో, అంటే స్థానికులు షేలా అని పిలిచే ఊళ్లో, డిసెంబరు రాత్రి స్వెటర్ లేకుండా గడవదు. అదే వారంలో ఉత్తరాన పెతెన్ అడవిలో దిగితే వెచ్చగా ఉంటుంది. ఈస్టరుకు ముందు వచ్చే పవిత్ర వారంలో ఆంటిగ్వా వీధుల్లో రంగు వేసిన రంపపు పొట్టుతో, పూలతో పెద్ద పెద్ద తివాచీలు పరుస్తారు. ఊరేగింపు వాటి మీదుగానే నడిచిపోతుంది. చూడదగ్గదే, కానీ గదులు నెలల ముందే నిండిపోతాయి.

ఎన్ని రోజులు కావాలి? ఏ క్రమంలో తిరగాలి?

రెండు వారాలు చాలు, మూడు వారాలైతే తీరుబడిగా ఉంటుంది. వారం రోజులే ఉన్నవారు అన్నీ చుట్టేయాలన్న ఆశ వదులుకుని ఆంటిగ్వా, అతిత్లాన్‌లతో ఆగిపోవడం ఉత్తమం.

చాలామంది తొలుత పెతెన్ అడవిలోని ప్రాచీన మాయా నగరం తికాల్‌కు పరుగెత్తి, ఆ తరువాత కొండలకు వస్తారు. క్రమం తిరగేయమని నా సలహా. ముందు పశ్చిమ కొండల్లో కిచే, కక్చికెల్, త్సుతుహిల్, మామ్ ఊళ్లలో కొన్నాళ్లు గడిపి, సంతలు, మగ్గాలు, మొక్కజొన్న చేలు చూసి, చివరకు తికాల్ గోపురాల ముందు నిలబడితే, అవి ఎవరో అంతుచిక్కని జాతి వదిలిపోయిన రాళ్లుగా కాక, నిన్న బస్సులో పలకరించినవారి పూర్వీకుల కట్టడాలుగా కనబడతాయి. దిగగానే రాజధానిలో ఆగకుండా సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని ఆంటిగ్వాకు వెళ్లిపోండి. అక్కడి నుంచి అతిత్లాన్, షేలా. తిరిగి తూర్పుకు వచ్చి కొబాన్, ఆపై సెముక్ చంపే నీటి గుంటలకు దారి అయిన లాంకిన్. ఆపై ఉత్తరాన ఫ్లోరెస్, తికాల్. ఫ్లోరెస్ నుంచి రాజధానికి విమానం ఉంది, రాత్రి బస్సు కూడా ఉంది.

అక్కడ ప్రయాణ సాధనాలు ఏమిటి?

మూడు రకాలు. మొదటిది కామియోనేతా, విదేశీయులు చికెన్ బస్ అంటారు. అమెరికాలో పిల్లలను బడికి చేరవేసి రిటైరైన పసుపు రంగు స్కూలు బస్సులను కొనుక్కొచ్చి, ఇంజిను మార్చి, మెరిసే రంగులు పూసి, పైన సామాను కటకటాలు బిగించి నడుపుతారు. ఇద్దరికి ఉద్దేశించిన సీటులో ముగ్గురు కూర్చుంటారు. అయుదాంతె అనే సహాయకుడు తలుపు దగ్గర వేలాడుతూ ఊరి పేరు కేక వేస్తాడు, బస్సు నడుస్తుండగానే పైకెక్కి సామాను దించుతాడు. మన పల్లె బస్సులకు అలవాటుపడినవారికి ఇందులో కొత్తగా నేర్చుకోవలసిందేమీ లేదు. పగలు, కొండ ప్రాంతపు ఊళ్ల మధ్య వీటిలో తిరగవచ్చు. చీకటి పడ్డాక వద్దు. రాజధాని నగరంలో పాత తరహా బస్సులు ఎక్కనే వద్దు, వాటిపై బలవంతపు వసూళ్ల ముఠాల దాడులు జరుగుతుంటాయి.

రెండోది షటిల్ వ్యాను. ఖర్చు కొన్ని రెట్లు ఎక్కువైనా పర్యాటక ఊళ్ల మధ్య తలనొప్పి లేకుండా చేరుస్తుంది. లాంకిన్ వంటి దూరాలకు ఇదే నయం. వ్యానులవాళ్లు చెప్పిన సమయానికి రెండు గంటలు కలుపుకోండి.

మూడోది తుక్‌తుక్. వాటిని చూడగానే ఇంటికొచ్చినట్లు అనిపిస్తే ఆశ్చర్యం లేదు. అందులో ఎక్కువ భాగం బజాజ్ కంపెనీ తయారుచేసిన మన ఆటోలే. మీటరు ఉండదు, కనుక ఎక్కేముందే ధర మాట్లాడుకోవాలి.

మాయా నాగరికత అంతరించిందని చదువుకున్నాం. మరి వీరెవరు?

అంతరించినది నాగరికత కాదు, కొన్ని నగరాలు. పెతెన్ లోతట్టు అడవుల్లోని తికాల్ వంటి రాజ్యాలు క్రీ.శ. 9, 10 శతాబ్దాల్లో కూలి, ఖాళీ అయిపోయాయి. దీర్ఘమైన కరవులు, రాజ్యాల మధ్య ఎడతెగని యుద్ధాలు, పెరిగిన జనాభాను నేల మోయలేకపోవడం ఇందుకు కారణాలని పరిశోధకులు చెబుతారు. జనం మాత్రం ఉత్తరాన మెక్సికోలోని యుకతాన్‌లోనూ, కొండల్లోనూ కొనసాగారు. 1524లో స్పానిష్ సేనాని పెద్రో దె అల్వరాదో సేన దండెత్తేనాటికి కొండల్లో కిచే, కక్చికెల్ రాజ్యాలు బలంగానే ఉన్నాయి. మాయా ప్రజల్లోనే ఒక శాఖ అయిన ఇత్సాల చివరి రాజధాని నొహ్‌పెతెన్ స్పానిష్‌వారికి చిక్కింది 1697లో, అంటే దాడి మొదలైన 170 ఏళ్లకు పైబడి. ఇవాళ హాస్టళ్లతో, కాఫీ దుకాణాలతో నిండిన ఫ్లోరెస్ ద్వీపం ఆ రాజధాని మీదే వెలసింది.

ఇటీవలి చరిత్ర తెలియకుండా ఈ దేశంలో తిరగడం సబబు కాదని నా అభిప్రాయం. 1960 నుంచి 1996 వరకు సాగిన అంతర్యుద్ధంలో రెండు లక్షల మందికి పైగా మరణించారు లేదా అదృశ్యమయ్యారు. ఐక్యరాజ్యసమితి మద్దతుతో ఏర్పడిన సత్యశోధన సంఘం 1999లో ఇచ్చిన నివేదిక ప్రకారం, గుర్తించిన బాధితుల్లో 83 శాతం మాయా ప్రజలు. కొన్ని ప్రాంతాల్లో సైన్యం చేసినది జాతి నిర్మూలనేనని ఆ సంఘం తేల్చింది. కిచే మహిళ రిగోబెర్తా మెంచూకు 1992లో నోబెల్ శాంతి బహుమతి లభించింది ఈ నేపథ్యంలోనే. అతిత్లాన్ ఒడ్డున ఉన్న సాంతియాగోలో 1990 డిసెంబరులో నిరాయుధులైన గ్రామస్తులపై సైనికులు కాల్పులు జరిపారు. ఆ ఊరి ప్రజలు పట్టుబట్టి సైనిక శిబిరాన్ని అక్కడి నుంచి తరలింపజేశారు. మీకు గది అద్దెకిచ్చే యాభై ఏళ్లు పైబడిన మనిషి ఆ రోజులన్నీ చూసినవాడే అయి ఉంటాడు. కుతూహలంతో తవ్వి అడగవద్దు. ఆయనగా చెబితే వినండి.

నమ్మకాల విషయానికొస్తే, 260 రోజుల పవిత్ర పంచాంగాన్ని లెక్కపెట్టే అహ్‌కీహ్ అనే పెద్దలు నేటికీ ఉన్నారు. చిచికాస్తెనాంగోలో సాంతో తోమాస్ చర్చి మెట్ల మీద కోపాల్ సాంబ్రాణి పొగల మధ్య వారు చేసే క్రతువులు పర్యాటకుల కోసం వేసే నాటకం కాదు. ముందు మెట్ల మీదుగా కాక పక్క ద్వారం నుంచి లోపలికి వెళ్లండి, లోపల ఫొటోలు తీయకండి.

తికాల్‌ను ఎలా చూడాలి?

ఫ్లోరెస్‌లో బస చేసి తెల్లవారుజామున బయలుదేరండి. గంట, గంటన్నర ప్రయాణం. వీలైతే ఒక రాత్రి పార్కు లోపలి బసలోనే ఉండటం ఇంకా మేలు, ఎందుకంటే మధ్యాహ్నానికి ఎండ, గుంపులు రెండూ ముదురుతాయి. విదేశీయులకు ప్రవేశ రుసుము కొన్నేళ్లుగా 150 కెత్సాళ్లు (అక్కడి కరెన్సీ). సూర్యోదయం చూడాలంటే అదనం. ఆ అదనపు డబ్బు ఖర్చు చేసేముందు ఒక మాట: చాలా రోజులు ఉదయం అడవి మీద దట్టమైన మంచు పరచుకుని సూర్యుడు కనబడడు. కానీ ఆ మంచులో హౌలర్ కోతుల గర్జన వినడానికైనా వెళ్లవచ్చు.

నాలుగో ఆలయం సుమారు 65 మీటర్ల ఎత్తు. పక్కన కట్టిన చెక్క మెట్ల మీదుగా పైకి వెళ్లనిస్తారు. ప్రధాన ప్రాంగణంలోని మొదటి ఆలయాన్ని 8వ శతాబ్దంలో జసావ్ చాన్ కవీల్ అనే రాజు సమాధిపై నిర్మించారు. క్రీ.శ. 695లో బలమైన శత్రురాజ్యం కలక్‌ముల్‌ను ఓడించి తికాల్‌కు పూర్వవైభవం తెచ్చినది ఆయనే. ఆ ఆలయం ఎక్కడం నిషిద్ధం.

గోపురాల కంటే నన్ను ఎక్కువ ఆకట్టుకునేవి తికాల్ చెరువులు. ఈ నగరానికి నది లేదు. చదును చేసి గార పూసిన ప్రాంగణాల మీద పడిన వాన నీటిని వాలుగా మళ్లించి, వరుస తటాకాల్లో నిలవచేసి, నెలల తరబడి సాగే ఎండకాలాన్ని దాటేవారు. కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువులను ఎరిగిన మనవారికి ఆ ఏర్పాటు చూడగానే అర్థమవుతుంది, కానీ చాలామంది మార్గదర్శకులు దాన్ని చూపకుండానే దాటేస్తారు, అడిగి చూపించుకోండి. విమానం నుంచి లేజర్ కిరణాలతో సాగించిన లైడార్ సర్వే ఫలితాలు 2018లో వెలువడినప్పుడు, పెతెన్ అడవి కింద 60,000కు పైగా కట్టడాల ఆనవాళ్లు బయటపడ్డాయి. రహదారులు, కోటగోడలు, కాలువలు, మెట్ల పొలాలు అందులో ఉన్నాయి.

సమయం, ఓపిక రెండూ ఉన్నవారు అడవి లోపలి మరో ప్రాచీన మాయా నగరం ఎల్ మిరదోర్ దాకా నడవవచ్చు. కార్మెలితా గ్రామం నుంచి వెళ్లి రావడానికి సాధారణంగా ఐదు రోజులు పడుతుంది. దోమలు, బురద, గుడారాలు తప్పవు. వానకాలంలో ఆ ఆలోచనే పెట్టుకోవద్దు.

అకతెనాంగో ఎక్కడం ఎంత కష్టం?

బాగా కష్టం. 3,976 మీటర్ల ఈ అగ్నిపర్వతం ఎక్కేవారు మొదటి రోజు నాలుగు నుంచి ఆరు గంటలు నిటారు దారిలో నడిచి, సుమారు 3,600 మీటర్ల దగ్గర రాత్రి బస చేస్తారు. ఎదురుగా ఫ్వేగో అగ్నిపర్వతం తరచూ ఎర్రటి నిప్పులు కక్కుతూ కనిపిస్తుంది. ఆ రాత్రి కోసమే అందరూ ఎక్కేది. కొండెక్కే అనుభవం లేకున్నా రోజూ నడిచే అలవాటున్నవారు చేరుకోగలరు. విమానం దిగిన మరునాడే మాత్రం వద్దు, ఆంటిగ్వా ఎత్తులో రెండు మూడు రోజులు శరీరాన్ని అలవాటుపడనివ్వండి.

ఇక్కడి చలిని తక్కువ అంచనా వేయడమే అసలు ప్రమాదం. 2017 జనవరిలో చలికి, గాలికి తట్టుకోలేక ఈ కొండపైనే కొందరు ప్రాణాలు కోల్పోయారు. మందపాటి జాకెట్టు, చేతి తొడుగులు, ఉన్ని టోపీ ఆంటిగ్వాలో అద్దెకు దొరుకుతాయి, బరువనుకోకుండా తీసుకెళ్లండి. బస నుంచి ఫ్వేగో పక్కనున్న గట్టు దాకా అదనపు నడక పెడతామని కొందరు నిర్వాహకులు ఆశపెడతారు. 2018 జూన్ 3న ఇదే ఫ్వేగో పేలి, వేడి బూడిద ప్రవాహం సాన్ మిగెల్ లోస్ లోతెస్ గ్రామాన్ని కప్పేసి వందల మందిని పొట్టన పెట్టుకుందని తెలిసిన తరువాత ఆ గట్టు మీదికి వెళ్లమని నేను ఎవరికీ చెప్పలేను. దూరం నుంచి కనిపించేదే చాలినంత. మోకాళ్ల నొప్పులున్నవారికి పకాయా అనే మరో అగ్నిపర్వతం నడక ఉంది, అది పూటలో ముగుస్తుంది.

అతిత్లాన్ సరస్సు చుట్టూ ఏ ఊళ్లో దిగాలి?

మహా విస్ఫోటనం తరువాత కుంగిన నేలలో నీరు నిండి ఏర్పడిన ఈ సరస్సు 300 మీటర్లకు పైగా లోతు ఉంటుంది. దక్షిణాన మూడు అగ్నిపర్వతాలు నిలబడి ఉంటాయి. బస్సులు ఆగే పానహచెల్ సంతలాంటి ఊరు. సాన్ పెద్రోలో చవక బసలు, స్పానిష్ బడులు, రాత్రి సందడి ఉంటాయి. సాన్ మార్కోస్‌లో యోగా, ధ్యానం అమ్ముతారు. భారతదేశం నుంచి వెళ్లి అక్కడ డాలర్లిచ్చి యోగా నేర్చుకోవాలా అన్నది మీ ఇష్టం. నేనైతే సాన్ హువాన్‌లో ఉండమంటాను. త్సుతుహిల్ మహిళల నేత సహకార సంఘాలు, ఆకులతో, బెరళ్లతో నూలుకు రంగు వేసే ప్రదర్శనలు, కాఫీ తోటలు అక్కడున్నాయి, ఊరు ప్రశాంతంగా ఉంటుంది.

ఊళ్ల మధ్య లాంచాలు, అంటే మోటారు పడవలు తిరుగుతాయి. మధ్యాహ్నం తరువాత షొకొమిల్ అనే గాలి లేచి అలలు పెరుగుతాయి కనుక సామానుతో మారేవారు ఉదయమే పడవెక్కాలి. సరస్సు నుంచి పైకి కనిపించే నది ఏదీ బయటకు పారదు. ఒడ్డు ఊళ్ల మురుగు, పొలాల ఎరువులు అందులోనే చేరుతుంటాయి. 2009లో సయనోబాక్టీరియా విపరీతంగా పెరిగి నీరంతా పాచి తేలింది. ఊళ్లకు దూరంగా, నీరు తేటగా ఉన్నచోటే ఈతకు దిగండి.

శాకాహారులు ఏం తినాలి?

ఆకలితో ఉండనక్కరలేదు, కాకపోతే అడగడం తెలియాలి. సున్నపు నీళ్లలో ఉడికించిన మొక్కజొన్నను రుబ్బి, చేత్తో తట్టి, పెనం మీద కాల్చిన తోర్తియాలు, నల్ల చిక్కుడు గింజలు, అన్నం, అవకాడో, వేయించిన అరటి, చిర్మోల్ అనే కాల్చిన టమాటా పచ్చడి, ఇవన్నీ కొమెదోర్ అని పిలిచే చిన్న భోజనశాలల్లో ప్రతి పూటా దొరుకుతాయి. సంతల్లో గీస్కిల్ పేరిట అమ్మేది మనం బెంగళూరు వంకాయ అని వండుకునే కాయే; దాని పుట్టిల్లు ఆ ప్రాంతమే. కారం చాలలేదనిపిస్తే చిలె కొబానేరో అడగండి, పొగ వాసన వేసే ఎండుమిర్చి పొడి తెచ్చిస్తారు.

చిక్కు రెండు చోట్ల వస్తుంది. ఒకటి, "కార్నె వద్దు" అంటే చాలామందికి ఎర్ర మాంసం వద్దన్నంత వరకే అర్థమవుతుంది. కోడి ముక్క వేసి తెచ్చిపెట్టి, ఇందులో కార్నె లేదని నిజాయతీగానే చెబుతారు. మాంసం, కోడి, చేప, పంది మాంసం నాలుగు పేర్లూ విడివిడిగా చెప్పాలి. రెండు, చిక్కుడు గింజలను పంది కొవ్వుతో తాలింపు వేయడం, అన్నాన్ని కోడి రసం పొడితో వండటం మామూలు. "సిన్ మంతెకా" అంటే కొవ్వు లేకుండా అని. ఈ మాట నోటికి రావాలి. అరటిపండు ముద్దలో తీపి చిక్కుడు గుజ్జు పెట్టి వేయించే రెయెనితోలు సాయంత్రం పూట దొరికితే వదలకండి. మాంసాహారులు కాల్చిన గింజలతో చిక్కగా చేసే పెపియాన్, కొబాన్ వైపు టర్కీ కోడితో కాచే కాకిక్ పులుసు రుచి చూడాలి.

కుళాయి నీళ్లు ఎక్కడా తాగవద్దు. హాస్టళ్లలో పెద్ద క్యాన్లు ఉంటాయి, సీసా నింపుకోవచ్చు.

స్పానిష్ రాకపోతే తిరగలేమా?

ఆంటిగ్వా, ఫ్లోరెస్, పానహచెల్‌లలో ఇంగ్లీషుతో గడిచిపోతుంది. వాటిని దాటితే గడవదు. మొదటి వారం ఆంటిగ్వాలోనో, షేలాలోనో స్పానిష్ బడిలో చేరడం ఈ యాత్రలో పెట్టదగ్గ అతి మంచి ఖర్చు. ఒక్కో విద్యార్థికి ఒక్కో టీచరు, రోజుకు నాలుగైదు గంటల పాఠం, స్థానిక కుటుంబం ఇంట్లో బస, భోజనం కలిపి ఇస్తారు. ఆంటిగ్వా అందమైనది, కానీ పాఠం ముగిశాక వీధిలో ఇంగ్లీషే వినబడుతుంది. నేర్చుకోవాలన్న పట్టుదల ఉంటే షేలాకే వెళ్లండి. కొండ ఊళ్లలో వృద్ధులకు స్పానిష్ కూడా అంతంత మాత్రమే. కిచే ప్రాంతంలో ధన్యవాదానికి "మల్త్యోష్", కెక్చి ప్రాంతంలో "బంత్యోష్" అంటే ముఖాలు విచ్చుకుంటాయి.

భద్రత మాటేమిటి? ఒంటరి మహిళలు వెళ్లవచ్చా?

గ్వాటెమాలాలో హింసాత్మక నేరాలు ఎక్కువ, అందులో దాపరికం లేదు. అధిక భాగం రాజధానిలోని కొన్ని ప్రాంతాల్లో, ముఠాల మధ్య జరుగుతుంది. రాజధానిలో ఒక రాత్రి ఉండక తప్పకపోతే జోన్ 10లోనో, విమానాశ్రయం పక్కనున్న జోన్ 13లోనో దిగి, యాప్ ద్వారా పిలిచిన కారులోనే తిరగండి. పర్యాటకులకు ఎదురయ్యేవి సాధారణంగా జేబు దొంగతనాలు, ఏటీఎం కార్డుల నకళ్లు, నిర్మానుష్యమైన కాలిబాటల్లో కత్తి చూపి దోచుకోవడం. అతిత్లాన్ చుట్టూ ఊళ్ల మధ్య ఉన్న కాలిబాటల్లో ఇలాంటి దోపిడీలు జరిగాయి కనుక స్థానిక గైడు లేకుండా నడవవద్దు. దోచుకునేవాడు ఎదురైతే ఇచ్చేయండి, వాదించకండి. పర్యాటకుల సహాయానికి 1500 అనే నంబరు ఉంది.

ఒంటరి మహిళలు ఎంతోమంది ఈ దారిలో తిరుగుతున్నారు. పగటి ప్రయాణం, చీకటి పడేలోపు బసకు చేరడం, మద్యం విషయంలో జాగ్రత్త, కొండ ఊళ్లలో భుజాలు, మోకాళ్లు కప్పే దుస్తులు అనే నియమాలు పాటిస్తే ఇబ్బంది చాలావరకు తప్పుతుంది.

ఫొటోలు తీసుకోవచ్చా?

మనుషులను అడగకుండా తీయవద్దు. పిల్లలను అసలే వద్దు. విదేశీయులు పిల్లలను ఎత్తుకుపోతారన్న పుకార్ల నేపథ్యంలో, 2000 సంవత్సరంలో తోదోస్ సాంతోస్ అనే కొండ ఊరి సంతలో ఒక జపాన్ పర్యాటకుడిని, అతని బృందం డ్రైవరును గుంపు కొట్టి చంపింది. అంతర్యుద్ధంలో పిల్లలు నిజంగానే మాయమైన దేశంలో ఆ భయం ఊరికే పుట్టలేదు.

నేత వస్త్రాలు కొనేటప్పుడు ఏం చూడాలి?

మహిళలు తొడిగే ఉయిపిల్ అనే పైవస్త్రం నడుముకు కట్టుకున్న మగ్గం మీద నెలల తరబడి నేసినది. దానిపై ఉన్న నమూనాను బట్టి ఆ మనిషిది ఏ ఊరో చెప్పవచ్చు. షేలా పక్కనున్న సాల్కహాలో నూలును ముడులు కట్టి రంగులో ముంచి నేసే హాస్పె, మన పోచంపల్లి ఇక్కత్ ఒకే పద్ధతి. చేనేత కుటుంబాల నుంచి వచ్చిన తెలుగువారు అక్కడ అరపూట గడిపితే మాటలు రాకున్నా ముచ్చట సాగుతుంది. ఆదివారం, గురువారం జరిగే చిచికాస్తెనాంగో సంతలో కంప్యూటరుతో ముద్రించిన నకళ్లు కూడా కుప్పలుగా ఉంటాయి. వెనక వైపు తిప్పి చూడండి, ముద్రించినదైతే అక్కడ వెలవెలబోయి ఉంటుంది. తమ నమూనాలపై సామూహిక హక్కు కావాలని మాయా నేత మహిళలు రాజ్యాంగ న్యాయస్థానం దాకా వెళ్లారు. బేరం ఆడవచ్చు, కానీ మూడు నెలల చేతిపనికి చెప్పిన ధరను సగానికి తగ్గించమని పీడించడం మర్యాద కాదు.

సెముక్ చంపే అంత దూరం వెళ్లదగ్గదా?

వెళ్లదగ్గదే, అయితే రెండు రాత్రులు కేటాయించగలిగితేనే. అక్కడ కహబోన్ నది సుమారు 300 మీటర్ల సున్నపురాతి వంతెన కిందకు దూకి మాయమవుతుంది. ఆ రాతి పైన మెట్లు మెట్లుగా పచ్చని నీటి గుంటలు ఉంటాయి. లాంకిన్ దాకా దారి ఒళ్లు హూనం చేస్తుంది. ఈ ఆల్తా వెరాపాస్ ప్రాంతమంతా యాలకుల తోటలే. దక్షిణ భారతంలో పుట్టిన ఈ పంటను 20వ శతాబ్దం తొలినాళ్లలో జర్మన్ తోటల యజమాని ఒకరు ఇక్కడికి తెచ్చాడు. నేడు ప్రపంచ మార్కెట్టులో భారత్‌కు గట్టి పోటీ ఇదే. పండించే కెక్చి రైతులు మాత్రం దాన్ని వంటలో వాడరు, పంట దాదాపు అంతా ఎగుమతవుతుంది, ఎక్కువగా అరబ్ దేశాలకు.

రోజుకు ఎంత ఖర్చవుతుంది? డబ్బు ఎలా తీసుకెళ్లాలి?

హాస్టల్ మంచం, కొమెదోర్ భోజనం, బస్సులతో సరిపెట్టుకుంటే రోజుకు 35 నుంచి 50 అమెరికన్ డాలర్లు వేసుకోండి. అకతెనాంగో, తికాల్, షటిల్ ప్రయాణాలు అదనం. డాలరుకు ఏడున్నర కెత్సాళ్ల పైచిలుకు వస్తుంది. రూపాయలు అక్కడ మారవు. కొత్తగా, మడత, చిరుగు లేని డాలరు నోట్లు కొన్ని పెట్టుకుని, మిగతాది బ్యాంకు లోపలున్న ఏటీఎంలో తీసుకోండి. ఊళ్లలో 100 కెత్సాళ్ల నోటుకే చిల్లర కష్టం.

మందులు, టీకాలు, సామాను?

బయలుదేరడానికి నెల ముందు వైద్యుడిని కలిసి హెపటైటిస్-ఎ, టైఫాయిడ్ టీకాల గురించి మాట్లాడండి. డెంగీ ఉంది కనుక పెతెన్‌లో దోమల మందు తప్పనిసరి. యాత్రను పనామాకో, కొలంబియాకో పొడిగించి, ఆరు రోజులలోపు భారతదేశానికి తిరిగొచ్చేవారిని విమానాశ్రయంలో ఎల్లో ఫీవర్ టీకా పత్రం అడుగుతారు, లేకపోతే క్వారంటైన్ చేస్తారు. విద్యుత్తు 120 వోల్టులు, ప్లగ్గులు అమెరికా తరహావి. ఫోను ఛార్జరు పనిచేస్తుంది. ఇంటి నుంచి తీసుకెళ్లిన రైస్ కుక్కరు పనిచేయదు. సంచీ పదిహేను కిలోలు దాటితే కామియోనేతా పైకప్పు మీదికే పోతుంది, వానలో తడుస్తుంది. లోపల ప్లాస్టిక్ సంచీలో బట్టలు చుట్టుకుని, పాస్‌పోర్టు, డబ్బు ఒంటిమీదే ఉంచుకోండి.

అక్కడి నుంచి పక్క దేశాల్లోని మాయా స్థలాలకు వెళ్లవచ్చా?

వెళ్లవచ్చు. హోండురాస్ సరిహద్దుకు కొద్ది దూరంలోనే కోపాన్ ఉంది. దారి కొంచెం మళ్లించి గ్వాటెమాలాలోనే ఉన్న కిరిగ్వాను ముందు చూడండి; క్రీ.శ. 738లో కోపాన్ రాజును బంధించి బలి ఇచ్చినది ఈ చిన్న రాజ్యమే, ఆ విజయం తరువాత నిలిపిన శిలాస్తంభాల్లో ఒకటి పది మీటర్లకు పైబడినది. ఫ్లోరెస్ నుంచి బెలీజ్ సరిహద్దు మెల్చోర్ దె మెన్కోస్ చేరడం తేలిక; షేలా నుంచి మెక్సికో వైపు లా మెసియా దగ్గర దాటుతారు. బెలీజ్, మెక్సికో రెండూ సీఏ-4 ఒప్పందంలో లేవు కనుక వాటి ప్రవేశ నిబంధనలు విడిగా చూసుకోవాలి. హోండురాస్‌కు ఆ ఒప్పందం ఉన్నా, భారత పాస్‌పోర్టుకు వీసా ప్రశ్న అక్కడ మళ్లీ వస్తుంది. గ్వాటెమాలా రాయబార కార్యాలయానికి ఈమెయిలు రాసేటప్పుడే కోపాన్ వెళ్లి తిరిగి రావడం గురించి కూడా అడగండి. సరిహద్దు దాటేటప్పుడు నిష్క్రమణ ముద్ర పడిందో లేదో కౌంటరు దగ్గరే చూసుకోండి, అనధికారికంగా రుసుము అడిగితే రసీదు ఇవ్వమనండి.